హంసబొమ్మ రవిక

మా చెల్లెలి కూతురు మొన్న రంజానుకు వచ్చింది. పండగ పొద్దున స్నానం చేసి వచ్చి, నా ముందు వీపు తిప్పి నిలబడి, "ఖాలమ్మా, హుక్కులు పెట్టు" అంది. చూస్తే రవికకు ముందు ఏమీ లేదు, ఉన్నదంతా వెనకే. "ఇదేం కుట్టే?" అన్నాను, తెలియనట్టు. "నీకేం తెలుసు, ఇది బొంబాయి ఫ్యాషన్" అంది. నాకు నవ్వాగలేదు. బొంబాయి కాదే తల్లీ, అనకాపల్లి, మా ఇల్లు, ఈ కుట్టు పుట్టినప్పుడు నేను పక్కనే ఉన్నాను అని చెప్పాను. నమ్మలేదు. నా మాటల్లో సగం కొట్టేసి, మిగిలిన సగంలో మళ్ళీ సగమే నమ్మాలని మా కుటుంబంలో ఒక కట్టుబాటు ఉంది. శారదానది వరదలో బెల్లం బళ్ళు బోల్తాపడి ఊరంతా వారం పాటు పానకం తాగిందని నేను చెప్పిన దగ్గర్నుంచి వచ్చిన కట్టుబాటు అది. సరే, మీరైనా వినండి. ఎంత కొట్టేసుకుంటారో మీ ఇష్టం.

మా నాన్న మీరా సాయిబు ఆడవాళ్ళ బట్టలు కుట్టే దర్జీ. బట్టల కొట్ల వీధిలో మా ఇల్లు. ముందుగది వీధిలోకి తెరుచుకుని ఉండేది, అందులో నాన్న కాలిమిషను, కత్తిరించే బల్ల. గదికీ ఇంటికీ మధ్య గుమ్మానికి పచ్చటి తెర. తెరకు ఇవతల నాన్న, అవతల అమ్మ. కుట్టించుకునే ఆడవాళ్ళు వీధిలోంచి కాకుండా పక్కసందులోంచి లోపలి గదిలోకి వచ్చేవాళ్ళు. వాళ్ళ కొలతలు తీసేది అమ్మే. అమ్మకు చదువు రాదు, టేపు మీద నమ్మకమూ లేదు. తెల్లటి నూలుదారం ఒకటి తీసుకుని, భుజానికి ఒంటిముడి, ఛాతీకి జంటముడి, నడుముకు ఉచ్చుముడి, చేతికి చివర గట్టిముడి, ఇలా మనిషి మొత్తాన్నీ ఒకే దారంలో ముడేసేది. దాని కొసకు ఆవిడ తెచ్చిన గుడ్డలోంచి ఓ పీలిక కట్టి, తెర కింద నుంచి ఇవతలకు తోసేది. నాన్న ఆ దారాన్ని బల్లమీద చాచి, వేళ్ళతో తడుముకుంటూ చదువుకునేవాడు. "ఈవిడ ఈ మధ్య పుట్టింటికి వెళ్ళొచ్చిందల్లే ఉందే" అనేవాడు. "మీకెందుకు?" అనేది అమ్మ లోపల్నుంచి. ఆ దారాలన్నీ గోడ మేకులకు వేలాడుతూ ఉండేవి. ఊళ్ళో పెద్దింటి ఆడవాళ్ళంతా మా గోడకు వేలాడుతున్నారని నేను బళ్ళో చెప్పి ఒకసారి దెబ్బలు తిన్నాను.

చెరకు ఆడే రోజులొస్తే మాకవరపాలెం వైపు నుంచీ నాతవరం వైపు నుంచీ బెల్లం బళ్ళు రాత్రీ పగలూ ఊళ్ళోకి దిగేవి. గాలి కూడా జిగటగా ఉండేది. మా ఇంట్లో ఆ తీపి వాసనకు తోడు మిషను నూనె వాసన, బొగ్గుల ఇస్త్రీపెట్టె వాసన, నాన్న బుగ్గన ఎప్పుడూ ఉండే లవంగం వాసన. నాన్న టీ సాసర్లో పోసుకుని, ఊదకుండా, అది దానంతట అది చల్లారే దాకా దానివైపే చూస్తూ కూర్చునేవాడు. మంచి మనిషి. ఒకటే జబ్బు, ఒట్లు వేసుకోవడం. ఒక వేసవిలో ఎవడో పుల్లటి మామిడిపండు అంటగట్టాడని, "ఇక జన్మలో మామిడి ముడితే ఒట్టు" అన్నాడు. అంతే. రసాల కాలంలో మేమంతా మోచేతుల దాకా కారుతుంటే నాకుతూ తింటుంటే, ఆయన ముక్కుకు తువ్వాలు కట్టుకుని గడపలో కూర్చునేవాడు. కళ్ళమ్మట నీళ్ళు వచ్చేవి గానీ పండు ముట్టలేదు.

అవి యుద్ధం రోజులు. విశాఖపట్నం మీద బాంబులు పడతాయని భయపడి చాలామంది మా ఊరు వచ్చేశారు. వాళ్ళ వెనకాలే ఒక నాటకాల కంపెనీ కూడా డేరా ఎత్తుకుని వచ్చింది. ఉగాది ముందు కొత్తమావాస్యకు నూకాలమ్మ జాతర ఉంది కదా, అప్పటిదాకా ఇక్కడే ఆడుకుందామని ఊరి చివర డేరా వేశారు. పాత తెర వానకు తడిసి పాడైందట. కొత్త తెర రాయడానికి రాజయ్యపేట నుంచి అప్పన్న అనే ఆయన్ని పిలిపించారు. పడవలకు రంగులు వేసి చేయి తిరిగినవాడు. మనిషి వెదురుబద్దలా ఉండేవాడు, పెళ్ళికాలేదు, వేళ్ళ సందుల్లో ఎప్పుడూ నీలిరంగే. గోనెగుడ్డ మీద ఒక తోట రాశాడు. తోటలో ముగ్గురు ఆడవాళ్ళు. ఒకామె నెమలికి గింజలు వేస్తోంది. ఒకామె అద్దం చూసుకుంటోంది. మూడో ఆమె కొలను గట్టున కూర్చుని హంస మెడ నిమురుతోంది.

ఆ తెర ఎలాంటిదంటే, మొదటిరోజు పోలీసాయన టిక్కెట్టు లేకుండా లోపల కూర్చున్నారని ఆ ముగ్గురినీ లేచి రమ్మన్నాడు. ఇది నేను చూడలేదు, కానీ చూసినవాళ్ళని చూశాను. మొదటి గంట కొట్టి తెర పైకి లేచిందా, ఆడవాళ్ళ వైపు నుంచి గోల. "తెర దించండ్రా! రాజు పాట రేపు వింటాం! ఆ నెమలి దాని చేతులు సరిగ్గా సూడ్నేదు!" అని. పాపం రాజు వేషగాడు నోరు తెరిచినవాడు తెరిచినట్టే ఉండిపోయేవాడు. మర్నాడు పొద్దున్నే మా పక్కసందు నిండిపోయేది. నెమలిబొమ్మ తొడుక్కున్న రవికకు చేతులు భుజం దగ్గర బుట్టల్లా ఉబ్బి ఉంటాయి, వాటికి నెమలి చేతులు అని పేరు పడిపోయింది. అద్దంబొమ్మ పైటను సన్నగా మడతలు పెట్టి వేసుకుంది, అది అద్దం పైట. ఎవరు ఎప్పుడు పెట్టారో తెలియదు గానీ వారం తిరిగేసరికి ఊళ్ళో ఆడవాళ్ళందరికీ ఆ పేర్లు నోటికొచ్చాయి. "బీబమ్మా, నాకు నెమలి చేతులెట్టు, మా తోడికోడలికి మాత్రం ఉబ్బు తగ్గించు" అని అమ్మతో బేరాలు. నాన్నకు రెండు పూటలా చేతినిండా పని. మిషను తొక్కుతూ తనలో తాను పాడుకునేవాడు.

అంతా బాగుంది. చిక్కంతా హంసబొమ్మతో వచ్చింది. ఆ రోజుల్లో రవికలకు ముందు ముడి ఉండేది, లేదంటే బొత్తాలు. హంసబొమ్మ రవికకు ముడీ లేదు, బొత్తామూ లేదు, కుట్టు గీత కూడా లేదు. గుమ్మడిపండు తొక్కలా నున్నగా, ఏకంగా ఒంటిని పట్టి ఉంది. అందులోకి ఆవిడ ఎటునుంచి దూరిందో ఆ భగవంతుడికే తెలియాలి. సరిగ్గా అదే కావాలని వచ్చింది సత్యవతమ్మ. ఆవిడ బెల్లం షావుకారు గారి భార్య. ఊళ్ళో ఏ కొత్త వస్తువైనా ముందు ఆవిడ ఒంటిమీద ఎక్కి, ఆ తర్వాతే మిగతావాళ్ళకు దిగాలి. యుద్ధానికి ముందు కొని దాచుకున్న తామరరంగు పట్టు తెచ్చింది. రేషను మీద ఇచ్చే కంట్రోలు గుడ్డ తప్ప ఇంకేమీ దొరకని కాలం, అలాంటి ముక్క మళ్ళీ కావాలన్నా లేదు.

"సాయిబూ, జాతరకి నాను హంస రవికతో రావాల. ముడి కానొచ్చిందా, ఒప్పుకోను" అంది తెర అవతలనుంచి.

మా ముందుగదిలో అప్పుడు నలుగురు మగవాళ్ళు కూర్చుని ఉన్నారు. వాళ్ళలో ఒకాయన, "అది బొమ్మకి గానీ మనిషికి కుదుర్తాదేటి బావా? టేసను కాడ కొత్త టైలరుని అడిగితే నావల్ల కాదనేసేడు" అన్నాడు. ఆ మాట చాలు నాన్నకు. లవంగం ఈ బుగ్గనుంచి ఆ బుగ్గకు మార్చి, కత్తెర పైకెత్తి, "ఆ బొమ్మ ఒంటిమీద ఉన్నది నేను కుట్టలేకపోతే, ఈ కత్తెర మళ్ళీ పడితే ఒట్టు!" అన్నాడు. లోపల అమ్మ చేతిలోంచి దారపుండ గచ్చు మీద పడి దొర్లడం నాకు వినిపించింది. ఎందుకంటే అమ్మకూ మామిడిపండు సంగతి గుర్తుంది. తాతల నాటి కత్తెర అది. నాన్నకు వేరే పని రాదు.

మర్నాడు నాన్న నన్ను వెంటబెట్టుకుని డేరాకు వెళ్ళాడు. పగటిపూట తెర ముందు నిలబడి హంసబొమ్మను చాలాసేపు చూశాడు. దగ్గరకు వెళ్ళి చూశాడు. వంగి చూశాడు. తర్వాత ఏమనుకున్నాడో, తెర పక్కనుంచి చుట్టూ తిరిగి వెనక్కి వెళ్ళాడు. నేనూ వెళ్ళాను. అక్కడ ఒట్టి గోనెగుడ్డ, నూనె మరకలు. నాన్న ఆ మరకల వైపే గుచ్చిగుచ్చి చూస్తుంటే అప్పన్న చూసి నవ్వలేక చచ్చాడు.

"ఏటి సాయిబు మావా, ఎనకాలేటి సూత్తన్నావు?"

"ఈవిడ వీపు ఎలా ఉంటుందో చూద్దామని" అన్నాడు నాన్న, ఏమాత్రం సిగ్గుపడకుండా. "అది సరే గానీ అప్పన్నా, ఈ రవికకు ముడి ఏదయ్యా?"

"ముడా? మొదట్లో ఏసేను మావా. ఆ హంస ముక్కు సరిగ్గా ఆడికే వచ్చీసింది. రెండూ కలిసి గజిబిజిగా కనబడితే ముడి మీద రంగు పూసీసేను." తర్వాత నాన్న ముఖం చూసి జాలిపడ్డాడు. "దానికేటి, ఇప్పుడు మళ్ళీ ఏసెయ్యమన్నావా? రెండు గీతలు. ఎవుడికి తెలుస్తాది?"

కుంచె కూడా తీశాడు. ఆ రెండు గీతలు పడితే చిక్కే లేదు. కానీ ఆయన అప్పన్న మణికట్టు పట్టుకుని కుంచె కిందకు దించాడు. "వద్దులేవయ్యా. నీ బొమ్మ బాగుంది. చిక్కు నాది" అన్నాడు.

నాన్న వేసిన ఎత్తు ఇది. ముందూ వెనకా అతుకు లేకుండా మూసేసి, ఒక పక్కన మాత్రం చంక కింద నుంచి నడుము దాకా తెరిచి ఉంచాడు. సత్యవతమ్మ దాన్ని తల మీంచి తొడుక్కున్నాక, అమ్మ ఆ పక్కను ఒంటిమీదే సన్నటి సూదితో కుట్టేసింది. తొడిగాక ముందుకు తిరిగి నిలబడితే, అచ్చం హంసబొమ్మే. ముడి లేదు, గీత లేదు. తెర ఇవతల నాన్నకు నేను పరుగెత్తుకొచ్చి చెబితే, కళ్ళు మూసుకుని అల్లాకు షుక్రియా చెప్పుకున్నాడు. అప్పుడు సత్యవతమ్మ గొంతు వినిపించింది.

"బాగానే ఉంది బీబమ్మా. ఇది తియ్యడం ఎలగ?"

అమ్మ దారం కొరికి, సూది పైటకు గుచ్చుకుంది.

"ఏటే, పలకవు? రేపు తానం సెయ్యొద్దేటి? దీనితోటే పడుకోవాలా, దీనితోటే సచ్చిపోవాలా?" భయం పట్టుకుంటే మనిషికి ఊపిరి ఎక్కువ కావాలి, ఊపిరి ఎక్కువైతే రవిక ఇంకా బిగుసుకోవాలి. "ఓలమ్మో, ఊపిరాడ్డం లేదే! తియ్యవే!" అని గదంతా తిరగడం మొదలుపెట్టింది. అమ్మ కుట్టు విప్పుదామంటే ఆవిడ నిలబడితే కదా. తెర కింద నుంచి అమ్మ చేయి ఇవతలకు వచ్చింది, నాన్న బల్లమీద కత్తెర అందుకుంది, లోపలికి పోయింది. మరుక్షణం పట్టు చర్రున చీలిన చప్పుడు. దర్జీకి ఆ చప్పుడు వేరే చెప్పనక్కర్లేదు. కత్తెర మళ్ళీ తెర కింద నుంచి ఇవతలకు వచ్చింది. నాన్న దాన్ని పాత లుంగీ ముక్కలో చుట్టి, స్టూలెక్కి అటక మీద పెట్టాడు. టోపీ పెట్టుకుని మసీదు వైపు వెళ్ళిపోయాడు.

ఆయన ఇంకొక్క నిమిషం ఆగి ఉంటే ఈ కథ ఉండేది కాదు. లోపల సత్యవతమ్మ ఊపిరి పీల్చుకుని, కన్నీళ్ళు తుడుచుకుని, అలవాటు కొద్దీ అద్దంలోకి చూసుకుంది. చూసి ఆగిపోయింది. "బీబమ్మా, ఉండు, ఇప్పకు." ఆ కంగారులో అమ్మ కత్తెర పడింది పక్క కుట్టు మీద కాదు, వీపు మీద. చీలింది నడివీపున, నిలువునా. ముందు భాగం చెక్కు చెదరలేదు. సత్యవతమ్మ పైట వెనకనుంచి లాక్కుని చీలిక మీద కప్పుకుని, అటు తిరిగి, ఇటు తిరిగి, "ఇది హంస రవిక కాదని ఎవుర్ని సెప్పమను, సూద్దాం" అంది. అమ్మ ఆ చీలిక అంచులు మడిచి, పీలికలు వేసి కుట్టి, వరసగా హుక్కులు పెట్టింది.

జాతర రోజు నూకాలమ్మను చూడ్డానికి వచ్చిన జనంలో సగంమంది సత్యవతమ్మను చూసి వెళ్ళారు. ఎటునుంచి తొడుక్కున్నావని అడిగినవాళ్ళందరికీ, "తొడుక్కునేదేటి, ఇందులోనే పుట్టేనే" అని చెప్పిందట. మర్నాడు మా పక్కసందులో జనం మీద జనం. అందరికీ హంస రవికే కావాలి. అమ్మ దారాలు ముడేసి ముడేసి తెర కింద నుంచి తోస్తూనే ఉంది. ఇవతల అవి కుప్పపడుతున్నాయి, అందుకునేవాళ్ళు లేరు. నాన్న మిషను ముందు చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

సత్యవతమ్మే స్వయంగా వచ్చింది. "సాయిబూ, నా ఒంటి మీదున్నది నీ రవిక కాదేటి?"

"కాదమ్మగారూ. నేను కుట్టింది మీకు ఊపిరాడనివ్వలేదు. మీరు తొడుక్కున్నది మా ఆవిడ చింపు. నేను ఓడిపోయాను."

"ఊరంతా నువ్వు గెలిసేవంతంటే!"

"ఊరు ఒట్టు వెయ్యలేదు కదమ్మగారూ."

"ఓరి నీ పట్టుదల సల్లగుండా!" అని ఆవిడ తల కొట్టుకుని వెళ్ళిపోయింది. అలా రోజులు గడిచాయి. ఇచ్చిన గుడ్డలు కొందరు వెనక్కి తీసుకుని స్టేషను దగ్గర టైలరు దగ్గరకు వెళ్ళారు. మా ఇంట్లో పప్పు పల్చబడింది. నాన్న సాసర్లో టీ చల్లారిపోయి, మీగడ కట్టి, అలాగే ఉండిపోయేది.

ఇప్పుడు మా వీధి చివర టైలరు కొట్టుకు గాజు తలుపులున్నాయి. పుస్తకం తెరిచి బొమ్మలు చూపిస్తాడు, ఏ బొమ్మ మీద వేలు పెడితే అది సాయంత్రానికల్లా కుట్టి ఇస్తాడు, కొలతలు అంకెల్లో రాసుకుంటాడు. హుక్కులు ముందా, వెనకా అని ముందే అడుగుతాడు. బాగానే ఉంది, నేనూ అక్కడే కుట్టిస్తాను. కానీ కుదరకపోతే అతను నవ్వి, ఇంకోటి కుట్టి ఇస్తానంటాడు. రవిక కుదరలేదని కత్తెర అటకెక్కించిన మనిషిని చూసిన కళ్ళకు ఆ నవ్వు కాస్త చప్పగా ఉంటుంది. అలాగని నాన్నలాంటి మనిషితో కాపురం చెయ్యమంటే మాత్రం, అమ్మ తప్ప ఇంకెవరూ చెయ్యలేరు.

ఒక రోజు మధ్యాహ్నం అమ్మ తెర తొలగించి, ఎన్నడూ లేనిది, ముందుగదిలోకి వచ్చింది. వీధి తలుపు మూసింది. తన నిఖా నాటి నీలం పట్టు ముక్క తెచ్చి బల్లమీద పరిచింది. అటక మీంచి కత్తెర దించి, లుంగీ ముక్క విప్పి, బల్ల చుట్టూ తిరిగి ఒక పక్కన నిలబడింది.

"ఏం చేస్తున్నావు?" అన్నాడు నాన్న.

"నాకూ హంస రవిక కావాలి. మీరు కుట్టరు. నేనే కోసుకుంటాను."

అమ్మకు ముడులెయ్యడం వచ్చు, కుట్టడం వచ్చు, గుడ్డ కొయ్యడం రాదు. సుద్దముక్కతో ఒక గీత గీసింది. చంక రావాల్సిన చోట మెడ వచ్చింది. నాన్న లవంగం నమలడం మొదలుపెట్టాడు, ఆ చప్పుడు నాకు వినిపిస్తోంది.

"నేత ఎటుందో చూసుకోవా? అడ్డంగా గీశావు."

"మీకెందుకండీ? మీరు ఒట్టులో ఉన్నారు."

కత్తెర నోరు తెరిచి అంచున పెట్టింది. నాన్న లేచి నిలబడ్డాడు. మళ్ళీ కూర్చున్నాడు. "అరే, ఆ జరీ... ఆ జరీ వైపు కాదు జైనబ్!" అమ్మ వినలేదు. కరుక్కున ఒక్క కోత పడింది. ఆ పట్టుకు కాదు, నాన్న పొట్టకు తగిలింది. "తౌబా తౌబా! అలా కోస్తారా ఎక్కడైనా!" అని ఒక్క ఉరుకున వచ్చి అమ్మ చేతిలోంచి కత్తెర లాక్కున్నాడు. గుడ్డ తిప్పి పరిచాడు, సుద్ద చెరిపాడు, వంపు తీసుకున్నాడు, చంక తిప్పాడు, మెడ తీశాడు. వీపు భాగం రెండుగా, హుక్కులకు చోటు వదిలి, నీళ్ళలో చేప తిరిగినట్టు కత్తెర తిప్పేసి, చివరి పీలిక కింద పడ్డాక ఆగాడు. చేతిలోకి చూసుకున్నాడు. అమ్మ వైపు చూశాడు.

"పట్టారు కదా" అంది అమ్మ. "ఇక కుట్టెయ్యండి."

ఒట్టు తప్పితే పదిమంది బీదవాళ్ళకు అన్నం పెట్టాలని, పెట్టలేనివాళ్ళు మూడు రోజాలు, అంటే ఉపవాసాలు, ఉండాలని మా పెద్దల మాట. అప్పటికి మా ఇంట్లో ఉన్న బియ్యం మాకే సరిపోయేవి కావు. నాన్న రోజాలే ఎంచుకున్నాడు. నోట్లో లవంగం లేకుండా, పొద్దున్నుంచీ గుటక మంచినీళ్ళు లేకుండా, ఆ మూడు రోజులూ మిషను తొక్కాడు. నేలమీద కుప్పపడ్డ దారాలన్నీ ఒక్కొక్కటిగా బల్లెక్కి, రవికలై, తెర అవతలకు వెళ్ళిపోయాయి. అంత సంతోషంగా ఉపవాసం ఉన్న మనిషిని నేను మళ్ళీ చూడలేదు. మామిడిపండు మాత్రం ముట్టలేదు. అమ్మ ఎప్పుడైనా రసాలు కోస్తుంటే, "ఆ పాచిక ఇక్కడ పారదు" అని ముందే చెప్పేవాడు.

అమ్మ నీలం రవిక అన్నిటికన్నా చివర అయింది. తొడుక్కుని, వీపు చేతికందక, నన్ను పిలవబోయి, మళ్ళీ ఎందుకో పిలవకుండా తెర దగ్గరకు వెళ్ళి, "ఏవండీ" అంది. నాన్న తెర దాటి లోపలికి వచ్చాడు. ఊళ్ళో అన్ని వీపులకూ హుక్కుల చోటు లెక్కగట్టిన మనిషి, ఒక్క వీపుకు హుక్కులు పెట్టడానికి చాలాసేపు తీసుకున్నాడు. పెట్టి, వెళ్ళి మిషను తొక్కుకున్నాడు. అమ్మ వెనక్కి తిరిగితే చూశాను. కింది హుక్కు పై కన్నంలో పడింది. అక్కణ్ణించి ఒక్కొక్కటీ ఒక మెట్టు తప్పి, వీపంతా వంకరగా పైకి పోయింది.

"అమ్మా, హుక్కులు తప్పాయి. ఉండు, సరిచేస్తాను" అన్నాను.

"తెలుసులే, ఉండనీ" అంది.

ఆ రోజంతా అలాగే వంట చేసింది, అలాగే నీళ్ళు తోడింది, వచ్చినవాళ్ళందరి కొలతలూ అలాగే తీసింది. సత్యవతమ్మ వచ్చి చూసి, "ఏటే బీబమ్మా, సాయిబు పెళ్ళానివి, రవిక సరిగ్గా యేసుకోడం రాదేటి?" అని పకపకా నవ్వింది. అమ్మ కూడా నవ్వింది. తెర ఇవతల మిషను చప్పుడు ఒక్క క్షణం ఆగి, మళ్ళీ మొదలైంది.